నాటాలు పిల్లల ఇంట్లో నా వడ్డన

కిందటి నెలలో మా సంఘానికి చెందిన ఇద్దరు కుర్రవాళ్ళు నరసాపురంలో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆఫ్రికాలో, నాటాలు దేశంలో, తల్లిదండ్రులు లేని జూలూ పిల్లల కోసం మిషనువారు నడిపే ఇంట్లో నేను పదిహేనేళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఇప్పుడు వీళ్ళను ఆ చోటికే పంపుతున్నారు. ఒకడు కాగితం, పెన్సిలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏమేం పట్టుకెళ్ళాలండి మేస్టారూ?"

ఉన్ని దుప్పటి, గట్టి చెప్పులు, చింతపండు, ఓడలో కడుపులో తిప్పుతుంది కనుక నిమ్మకాయ ఊరగాయ అని చెప్పాను. రాసుకున్నాడు. రెండోవాడు, "అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తారండి?" అని అడిగాడు. బాగానే చూస్తారన్నాను. మనం వాళ్ళను ఎలా చూస్తామని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

వాళ్ళు వెళ్ళాక నాకు మనసు నిలవలేదు. చెప్పవలసింది చెప్పకుండా ఊరగాయ గురించి చెప్పి పంపాను. మళ్ళీ పిలిపించి ముఖాముఖి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నాకు వచ్చిన యోగ్యతాపత్రాల సంగతులు ఇందులో ఉండవు. ఒక పిల్ల విషయంలో నేను చేసిన తప్పు ఉంటుంది. ఆ పిల్ల తనవాళ్ళ దగ్గరకు వెళ్ళవలసింది. నావల్ల వెళ్ళలేదు. మిగిలినదంతా అది అర్థం కావడానికే.

ఆ పని ఎలాంటిది

నా భార్య కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. ఆ ఏడాదే నాటాలుకు మనిషి కావాలని మిషనువారు అడిగితే, నేను వెళ్తానన్నాను. సేవ చేద్దామని వెళ్ళానని పదిమందికీ చెప్పాను. నిజానికి ఆ ఇంట్లో ఉండలేక వెళ్ళాను. దూరదేశాలకు సేవకు వెళ్ళేవాళ్ళలో సగం మంది ఇలాంటివాళ్ళే. అదేం నేరం కాదు. కాని మనం తీసుకెళ్ళిన దుఃఖం అక్కడ ఎవరి మీదో ఒకరి మీద పడుతుంది. అది ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

సముద్రం కనిపించే ఒక గుట్ట మీద ఆ ఇల్లు. రేకుల కప్పు వేసిన పొడుగాటి సావళ్ళు రెండు, చుట్టూ చెరకు తోటలు. అరవైమంది పిల్లలు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే నెలల్లో అక్కడ చలి. మొదటి ఏడు ఆ చలిలో వణుకుతూ, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో అనుకుంటూ కూర్చునేవాణ్ణి.

నాకు ఇంగ్లీషు వచ్చు, లెక్కలు వచ్చు, కీర్తనలు రాగయుక్తంగా పాడగలను. వీటితో పని పొద్దున్న రెండు గంటలే. తక్కిన రోజంతా తలల్లో పేలు తీయడం, పుళ్ళు కడగడం, తడిపిన చాపలు ఎండలో వేయడం, ఎవరు ఎవరిని కొరికారో తేల్చడం. అక్కడ కాలిగోళ్ళ కింద దూరే ఒక పురుగుంది. పిల్లవాడి కాలు ఒళ్ళో పెట్టుకుని, సూదితో దాని గుడ్ల తిత్తి చిట్లకుండా తీయాలి. చిట్లితే పుండు పడుతుంది. ఇది నాకు నేర్పింది వంటశాల చూసుకునే ముసలావిడ. ఆమెను అందరూ గోగో అనేవాళ్ళు. వాళ్ళ భాషలో నాయనమ్మ అని. నన్ను పిల్లలు బాబా అనేవాళ్ళు. అంటే నాన్న. బిడ్డను పోగొట్టుకుని వచ్చినవాడికి ఆ పిలుపు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కరలేదు.

వాళ్ళ భాషలో నాలుకతో టక్కున కొట్టి పలికే అక్షరాలున్నాయి. రెండేళ్ళు కష్టపడ్డా నాకు అవి సరిగా రాలేదు. నేను పాఠం చెబుతుంటే వెనక వరసలో నవ్వులు.

"బాబా నోట్లో వేడి దుంప ఉంది," అనేవారు.

నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు నవ్వడం ఇంకా వచ్చు.

కూర్చున్న పిల్లలు

వెళ్ళిన కొత్తలో ఒక తమాషా జరిగింది. నేను గదిలోకి రాగానే పిల్లలందరూ చటుక్కున కింద కూర్చునేవాళ్ళు. మన దేశంలో పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడతాం కదా. నాకు ఒళ్ళు మండింది. నెల రోజులు కసిరి, చెవులు మెలిపెట్టి, లేచి నిలబడడం నేర్పాను. వాళ్ళు నిలబడేవాళ్ళు గాని, ఏదో బూతు పని చేయిస్తున్నట్టు ముఖాలు పెట్టేవాళ్ళు.

ఒకరోజు గోగో చూసి పడీపడీ నవ్వింది.

"పెద్దవాడి తలకన్నా ఎత్తులో పిల్ల తల ఉండడం మాకు అమర్యాద, బాబా. మీరు వీళ్ళకు కష్టపడి అమర్యాద నేర్పుతున్నారు."

నేను సిగ్గుపడి మానేశాను. తర్వాత ఏళ్ళ తరబడి ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. ఇప్పుడు చెప్పడానికి కారణం వేరు. ఈ ఒక్క పాఠంతో వాళ్ళ మర్యాదలన్నీ నాకు తెలిసిపోయాయనుకున్నాను. తెలియనివాడు అడుగుతాడు. కొంచెం తెలిసినవాడు అడగడు.

పైవాళ్ళ గురించి కొంచెం

ఆ ఇంటి పెద్ద ఒక దొరసానమ్మగారు. ఆమెను చెడ్డ మనిషి అనలేను. దుర్వాసన వేసే పుళ్ళను తన చేత్తో కడిగేది. జ్వరం వచ్చిన పిల్లల పక్కన కూర్చునేది. కాని ఎవరినీ ఎందుకు అని అడిగేది కాదు. పిల్ల ఏడుపు ఆగితే చాలు, ఎందుకు ఆగిందో అక్కరలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టే ఆమెకు. నాకు ఆమె మెప్పు కావాలి. తెల్లవారి మెప్పు కోసం నేను చిన్నప్పటి నుంచీ ఆకలిగా ఉన్నవాణ్ణి. ఆ ఆకలి ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పాలకొల్లుకు ఇవతల ఒక మాలపల్లె. మా తాత కాలంలో బాప్తిస్మం తీసుకున్నాం. మాకు అక్షరాలొచ్చాయి, తెల్లచొక్కాలొచ్చాయి. ఊరివాళ్ళు మాత్రం మా చేతి నీళ్ళు తాగరు. నా చిన్నతనంలో ఆసామి దొడ్లో మజ్జిగ అడిగితే, ఆయన ఎత్తు నుంచి పోసేవాడు, మేం వంగి దోసిలి పట్టేవాళ్ళం. నేను ట్రైనింగు పాసయ్యాక, ఊరివాళ్ళూ వచ్చిన ఒక పెళ్ళి విందులో, వడ్డించేవాడు లేకపోతే సాయం చేద్దామని పెరుగు గంటె పట్టుకున్నాను. బంతి మొత్తం లేచిపోయింది. ఒక్క మాట అనకుండా అందరూ లేచి, ఆకులు అలాగే వదిలేసి వెళ్ళారు.

నాటాలులో నా చేత్తో పెట్టింది అరవైమంది పిల్లలు తిన్నారు. వడ్డన నా పని కాదు. అయినా నేను తీసుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు నేల మీద రెండు వరసల్లో కూర్చుంటే, మొక్కజొన్న సంకటి మీద ఒక్కొక్కరికీ గంటెతో పెరుగు వేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. అన్నింటికన్నా నాకు ఇష్టమైన పని అదే. కీర్తన పాడినా అంత తృప్తి ఉండేది కాదు.

పాలు పోసేది అప్పాయమ్మ. కోనసీమ మనిషి, మంచి కాపు కుటుంబంలో పుట్టి, ఏదో గొడవలో కూలీల ఓడ ఎక్కింది. చెరకు తోటలో ఒప్పందం తీరాక రెండు ఆవులు పెట్టుకుని బతికేది. నా వరండాలో కూర్చుని, నా చెంబుతో నీళ్ళు తాగేది.

"మన ఊళ్ళో అయితే మీ గుమ్మం తొక్కుతానేంటండి? సముద్రం దాటాక ఇంకెక్కడి మడి పంతులుగారూ, ఆ ఉప్పునీళ్ళల్లోనే కొట్టుకుపోయింది," అనేది.

నాది కొట్టుకుపోలేదని ఆమెకు అప్పుడు తెలియదు. నాకూ తెలియదు.

నొముసా

ఆ దేశంలో పశువులకు పెద్ద జాడ్యం వచ్చింది. మందలకు మందలు పడిపోయాయి. పశువులే ఆస్తిగా బతికేవాళ్ళ ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మగవాళ్ళు బంగారు గనులకు నడిచి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే నొముసాను తీసుకొచ్చారు. తొమ్మిదేళ్ళుంటాయి. తల్లీ తండ్రీ లేరు. మంచం పట్టిన నాయనమ్మ, గనికి వెళ్ళిన అన్న సిఫో, అంతే. అన్న గడువు తీరగానే వచ్చి తీసుకెళ్తాడు, అంతవరకు ఉంచుకోండి అని నాయనమ్మ పంపింది. పిల్ల చంకలో అన్న ఇచ్చిన ఎర్ర దుప్పటి చుట్ట ఉంది. దాన్ని విప్పలేదు, కప్పుకోలేదు. ఏ రోజు వస్తే ఆ రోజు బయలుదేరడానికి సిద్ధంగా తలగడ పక్కన పెట్టుకునేది. పని లేనప్పుడు గేటు దగ్గర రాతి మీద కూర్చుని బాట చూసేది.

నాకు చాలా తర్వాత తెలిసిన సంగతిని ఇప్పుడే చెప్పేస్తాను. వాళ్ళలో పులిసిన పాలు, అంటే మన పెరుగే, వాళ్ళు అమాసి అంటారు, ఎక్కడ పడితే అక్కడ తినరు. సొంతవాళ్ళ ఇంట్లోనే తింటారు. కొత్తకోడలు కూడా అత్తవారింట్లో ఆ పాలు వెంటనే ముట్టదు. తంతు జరిపి ఆమెను తమ మనిషిని చేసుకున్నాకనే పెడతారు. నాయనమ్మ నొముసాను పంపేటప్పుడు చెప్పిన మాట ఇది: "అక్కడ ఏం పెట్టినా తిను. పాలు మాత్రం తినకు. అవి తిన్ననాడు నువ్వు ఆ ఇంటిదానివి అయిపోతావు. అన్న వచ్చేవరకు మా పిల్లగానే ఉండు."

మిగతా పిల్లల్లో చాలామంది పాలబుగ్గల వయసులో వచ్చినవాళ్ళు, వేరే ఇల్లు ఎరగరు. ఎదిగి వచ్చినవాళ్ళకు గోగో ముందే సంకటి పెట్టేసి, నా వడ్డన వేళకు ఏదో పని మీద బయటకు పంపేది. ఇన్నేళ్ళూ నాకు తెలియకుండా నన్నూ వాళ్ళనూ కాపాడింది. ఆ వారం గోగోకు జ్వరం.

మూడు రోజులు

గంటె చాచగానే నొముసా రెండు చేతులూ గిన్నె మీద కప్పింది.

"చెయ్యి తియ్యి."

తల అడ్డంగా ఊపింది.

"పుల్లగా లేదు, తియ్యటి పెరుగు. చూడు."

చేతులు తీయలేదు. వరసంతా మమ్మల్నే చూస్తోంది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఉన్నది తొమ్మిదేళ్ళ పిల్ల కాదు. ఆకులు వదిలేసి లేచిపోయిన ఆ బంతి. ఇంత దూరం వచ్చాక, ఈ దిక్కులేని పిల్ల కూడా నా చెయ్యి పనికిరాదంటోంది అనుకున్నాను.

సంకటి గిన్నె తీసేశాను. ముందు పెరుగు తిన్నాకే ఇంకేదైనా అన్నాను.

ఆ పూటా తినలేదు, రాత్రీ తినలేదు. మర్నాడు ఆ పెరుగు గిన్నె ముందు పెట్టి, అందరికీ ఎదురుగా కూర్చోబెట్టాను. మంచినీళ్ళు ఇచ్చాను. దాన్ని దయ అనుకున్నాను. గోగో జ్వరంతోనే దుప్పటి కప్పుకుని వచ్చింది.

"ఆ ఒక్కటీ వదిలేయండి, బాబా. ఒట్టి సంకటి పెట్టండి, తింటుంది."

"నా పెరుగులో విషం ఉందా?"

"నేనలా అన్నానా?"

"మరెందుకు తినదు?"

"మీ చేతి పాలు అది తినకూడదు."

ఆమె చెప్పింది వాళ్ళ ఆచారం. నాకు మాత్రం మా ఊరి ఆసామి గొంతు వినపడింది. మీ చేతివి తినకూడదు. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. ఎందుకు తినకూడదని ఒక్క ప్రశ్న వేస్తే అంతా అక్కడే తీరిపోయేది. వేయలేదు. కారణం నాకు తెలుసనుకున్నాను.

"నువ్వు వెళ్ళి పడుకో," అన్నాను. "పిల్లల్ని పెంచడం నీ దగ్గర నేర్చుకోవాలా?"

ఆమె నన్ను కాసేపు చూసింది. కడుపు కోసం ఆ ఇంట్లో ఉంటున్న ముసలిది. దుప్పటి దగ్గరకు లాక్కుని వెనక్కి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నొముసా గిన్నె ఎత్తింది. నాలుగు గుక్కల్లో మొత్తం తాగేసింది. ఏడవలేదు. తర్వాత వాళ్ళ మర్యాద ప్రకారం కింద కూర్చుని, ఖాళీ గిన్నె రెండు చేతులతో నాకు అందించింది. నేను తల నిమిరి, "మంచి పిల్లవి," అన్నాను. నా చేత్తో సంకటి పెట్టాను. గెలిచానని నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అది రాయకపోతే ఈ రాత అబద్ధం.

ఆ సాయంత్రం నొముసా ఎర్ర దుప్పటి విప్పి, చలికి ముడుచుకున్న ఒక చంటిపిల్లకు కప్పేసింది. మళ్ళీ తీసుకోలేదు. గేటు దగ్గర రాతి మీద కూర్చోవడం కూడా ఆ రోజుతో మానేసింది. దొరసానమ్మగారు చూసి మురిసిపోయింది. ఆదివారం ప్రార్థనలో ఆ దుప్పటి సంగతి చెప్పి, మొండి హృదయం మెత్తబడిందన్నది. నావైపు చూసి తల పంకించింది. నేను తల దించుకున్నాను, వినయంగా.

సిఫో వచ్చిన రోజు

పది నెలలు గడిచాయి. ఒక ఉదయం గని బూట్లు, పెద్ద టోపీ పెట్టుకున్న కుర్రవాడు బాట ఎక్కి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో చెల్లెలి కోసం నీలం గుడ్డ, మిఠాయి పొట్లం. తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. దొరసానమ్మగారు అడ్డు చెప్పలేదు. పిల్లను పిలవమంది.

నొముసా బట్టలు ఉతికే చోట ఉంది. అన్నను చూసింది. చూసి, ఇటు రాకుండా చెరకులోకి పరుగెత్తింది. గంటసేపు వెతికి, గోగో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వచ్చి, అన్నకు వీపు పెట్టి కూర్చుంది.

"నొముసా, లే. ఇంటికి పోదాం."

"నా ఇల్లు ఇదే."

"ఎవరన్నారు?"

"పాలు తిన్నాను."

సిఫో నవ్వేశాడు. గుండె బరువు దిగినవాడి నవ్వు అది. "ఇంతేనా? గనిలో నేను ఏమేం తిన్నానో తెలిస్తే నాయనమ్మ నన్ను కర్ర పుచ్చుకుని తరుముతుంది."

"నాయనమ్మ ఎలా ఉంది?"

అతని నవ్వు ఆగిపోయింది. వచ్చేదారిలో ఇంటికి వెళ్ళి చూసి వచ్చాడు. నాయనమ్మ పోయి అప్పటికి రెండు నెలలు.

 నొముసా మెల్లగా అంది: "అయితే నాయనమ్మ పెట్టిన ఆ మాట ఇక ఎవరు తీస్తారు?"

గోగో ఏదో అనబోయి నావైపు చూసింది. సిఫో కూడా లేచి నావైపు తిరిగాడు. గోగో కళ్ళను బట్టి అతనికి అర్థమైందనుకుంటాను.

"బాబా, ఈ పిల్లకు పాలు ఎవరు పెట్టారు? అదే అడిగి తిందా, మీరు తినిపించారా?"

అప్పుడే నాకు మొదటిసారి తెలిసింది, మూడు రోజుల్లో నేను చేసింది ఏమిటో. నొముసా మెడ తిప్పి నన్ను చూసింది. పక్కనే దొరసానమ్మగారు నిలబడి ఉంది. ఆమెకు ఆ భాష బాగా వచ్చు. పిల్లను మూడు రోజులు ఆకలితో మాడ్చానని, భోజనాల వైపు రాని ఆమెకు తెలియదు. దానంతట అది లొంగిందని చెప్పి ఉన్నాను.

"ఇక్కడ పిల్లలందరికీ పెడతాం," అన్నాను. "అందరూ తింటారు."

అబద్ధం ఎక్కడుందో వేలుపెట్టి చూపలేని మాట. నొముసా ముఖం మళ్ళీ అటు తిప్పుకుంది.

సిఫో మూడు రోజులు చెరకు తోట కూలీల దగ్గర ఉండి, రోజూ వచ్చి బతిమాలాడు. చెల్లెలు కదలలేదు. బలవంతంగా ఎత్తుకుపోతానని ఒకసారి చెయ్యి పట్టుకున్నాడు. అది అరవలేదు, పెనుగులాడలేదు. ఒళ్ళు వదిలేసి ఏడ్చింది. అతను చెయ్యి వదిలేశాడు. గని వదిలి తిరగడానికి సర్కారు ఇచ్చిన చీటీలో అతని గడువు దగ్గరపడింది. అది దాటితే జైలు. గనిలో మరో గడువు తీరాక వస్తానని చెప్పి వెళ్ళాడు. నీలం గుడ్డ గోగోకు ఇచ్చి వెళ్ళాడు. తర్వాత అతను రాలేదు. కబురూ రాలేదు. గనుల్లో ఏమవుతుందో రాసి పంపేవాళ్ళు ఉండరు.

అతను వెళ్ళిన మర్నాడు గోగో నా దగ్గరకు వచ్చింది.

"బలవంతంగా తినిపించింది లెక్కలోకి రాదు, బాబా. మా పెద్దవాళ్ళు కడిగి లోపలికి తీసుకుంటారు. బలవంతం చేశానన్న ఆ ఒక్క మాట మీ నోటి నుంచి రావాలి. నేను చెబితే పిల్ల నమ్మదు, దాన్ని ఊరడించడానికి చెబుతున్నాననుకుంటుంది."

"ఇప్పుడు చెబుతాను."

"ఎవరికి?" అంది గోగో. "తీసుకెళ్ళేవాడు నిన్ననే వెళ్ళిపోయాడు."

అప్పాయమ్మ అన్నది

సంగతంతా అప్పాయమ్మకు చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. పాల చెంబు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఒక మాట అంటాను, ఏమనుకోకండి. మా నాన్న మీ చేతి నీళ్ళు తాగడండి. మా అన్నలు తాగరు. మీకు కోపం ఉంటే మా మీద ఉండాలి. నా చెంబు తీసి నా నెత్తిన కొట్టినా న్యాయమే. ఆ పిల్ల మీకేం చేసిందండి?"

"నాకు తెలియలేదు అప్పాయమ్మా."

"తెలియకపోవడమేంటండి! మమ్మల్ని ఏమీ అనలేరు కాబట్టి దాన్ని అన్నారు. అంతే కదండి?"

అంతే. ఇంతకన్నా సరిగ్గా నాకెవరూ చెప్పలేదు.

కుర్రవాళ్ళకు నేను చెప్పదలచింది ఇదే. మీరూ మా పల్లెల్లో పుట్టినవాళ్ళే. మిమ్మల్ని ఎవరో ఎక్కడో లేవగొట్టి ఉంటారు. ఆ గాయం ఉండబట్టే ఇతరుల బాధ మనకు తెలుస్తుందని ప్రసంగాల్లో చెబుతారు. నాకైతే అలా జరగలేదు. నా గాయం నా కళ్ళకు అడ్డం వచ్చింది. పిల్ల ఏదైనా వద్దంటే అది మీ గురించి కాదని ముందు అనుకోండి. తర్వాత అడగండి. అడిగినా చెప్పకపోతే, వద్దన్నది వదిలేసి మిగతాది పెట్టండి. తప్పు చేస్తారు, అందరూ చేస్తారు. ఆ తప్పును ఒప్పుకోవలసిన గంట ఒకటి వస్తుంది. అది ఎక్కువసేపు ఉండదు. పైవాళ్ళు పక్కనే నిలబడి ఉంటారు. అప్పుడే నోరు తెరవాలి.

సెలవు తీసుకున్న రోజు

సిఫో వెళ్ళాక నేను వడ్డన మానేశాను. దొరసానమ్మగారికి మాత్రం చెప్పలేదు, ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నా. చెప్పాలని బయలుదేరిన రోజులు చాలా ఉన్నాయి. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, సుద్దముక్కలు అయిపోయాయని చెప్పి వచ్చేవాణ్ణి. నొముసాతోనూ ఆ విషయం ఎత్తలేదు. నేను చెప్పిన పాఠాలు అది శ్రద్ధగా నేర్చుకుంది. బాబా అనే పిలిచింది. ఎప్పుడూ ఒక్క మాట మీరలేదు. ఎదిగాక ఆ ఇంట్లోనే బట్టల పనికి కుదిరింది. పెళ్ళి మాట ఎవరెత్తినా, నా తరఫున మాట్లాడడానికి ఎవరున్నారు అనేది.

ఎడ్వర్డు రాజుగారి కాలంలో నా కంటిచూపు మందగించి, ఇంటికి వెళ్ళడానికి అనుమతి అడిగాను. ఓడకు బయలుదేరే ముందురోజు ఉతికే చోటుకు వెళ్ళాను. నొముసా దుప్పట్లు పిండి తీగ మీద వేస్తోంది. నన్ను చూసి, పని ఆపి, తడినేల మీద కూర్చుంది. నేనూ ఎదురుగా కింద కూర్చున్నాను. చాలా రోజులుగా కూడబలుక్కున్న మాటలు అన్నీ చెప్పాను. ఆకలితో మాడ్చి తినిపించింది నేనేనని, అది లెక్కలోకి రాదని, మీ అన్న అడిగినప్పుడు భయపడి దాచానని, నన్ను క్షమించమని.

ఆమె చివరి వరకూ విన్నది. చేతుల మీద నురగ ఆరిపోయింది.

"బాబా, మీరు రేపు వెళ్ళిపోతున్నారు కదా?"

"అవునమ్మా."

"ఇక్కడే ఉండిపోయేవారైతే, ఈ మాట చెప్పేవారా?"

ఒక్కసారైనా ఆమెకు నిజం చెప్పాలనుకున్నాను.

"చెప్పేవాణ్ణి కాదు," అన్నాను.

ఆమె లేచి, పాదాల దగ్గరున్న బట్టల బుట్ట ఎత్తుకుంది. కోపం లేదు గొంతులో. పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాదతోనే అంది:

"అయితే దీన్ని నా దగ్గర పెట్టి వెళ్ళకండి, బాబా. మీతోపాటే తీసుకెళ్ళండి."

తెచ్చుకున్నాను.